జనగామలో దుబాయ్

"ఈడ ఎండ నెత్తి పలగ్గొడుతుంది సోనీ. దుబాయ్ అంటే మాటలా!" అని ఫోన్‌లో గొప్పగా చెబుతున్నాడు జగపతి.

సరిగ్గా అప్పుడే జనగామ మీద వాన విరుచుకుపడింది.

"మరి గా నీళ్ల సప్పుడేంది?"

"అదా... ఏసీ కారుతుంది."

"ఏసీలు ఉరుముతయా బావా?"

ఆ మాట ఫోన్‌లోంచి కాదు, వెనక నుంచి వచ్చింది. తిరిగి చూస్తే, కడుతున్న ఇంటి సజ్జ కింద తడిసిన చున్నీ పిండుకుంటూ మేనమామ కూతురు సోని! తండాకు వెళ్లే రఘునాథపల్లి బస్సు కోసం పోతూ వానకు ఇటు పరుగెత్తుకొచ్చింది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

జగపతి చేతిలో సెంట్రింగ్ రేకు, ఒంటినిండా సిమెంటు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు పాపం.

అతను దుబాయ్ పోతున్నాడని నెల కింద తండా అంతా మేకను కోసి దావత్ చేసుకుంది. దండలు వేశారు, సెల్ఫీలు దిగారు. పనితనం చూసే ట్రేడ్ టెస్ట్ ఊరికే పేరుకేనని ఏజెంటు చెప్పాడు మరి.

"టెస్టుల ఫెయిలయిన" అన్నాడు నేల చూస్తూ.

"ఎట్ల?"

"స్లాబు కింద పెట్టనీకి ఇనుప జాకీలిచ్చిండ్రు. ఒకటి పొట్టిగైంది. ఈడ జామాయిల్ కర్ర కింద రాయి పెడతం గద, గట్లనే రాయి పెట్టిన. మర తిప్పితే లేస్తదని నాకేమెరుక? సారు రాయి దిక్కు సూసిండు, నా దిక్కు సూసిండు, పొమ్మన్నడు."

సోనికి నవ్వొచ్చింది. అంతలోనే కోపమూ వచ్చింది.

"రాయి పెట్టినందుకు కాదు నా కోపం. గిన్ని దినాలు నాకు ఎడారి ముచ్చట్లు చెప్పినవ్. అవన్నీ నేను తండ మొత్తం చెప్పుకున్న! నువ్వొస్తవని బాపు వచ్చిన సంబంధం గూడ వద్దన్నడు."

ఆ సంబంధం మాట జగపతికి గుండెల్లో గుచ్చుకుంది.

"సిగ్గుతోని సస్తున్న సోనీ. దావత్ తిన్నోళ్లకు మొకమెట్ల సూపియ్యాలె? మల్ల టెస్టుకు పోత. మేస్త్రి దగ్గర జాకీల పని నేర్సుకుంటున్న. పాసైనంక చెప్దామనుకున్న."

"పాసైతేనే నా దగ్గరికొస్తవా? ఫెయిలైతే నేనేమైత నీకు?"

జగపతి కళ్లు నిండాయి.

వాన తగ్గింది.

"నడువు, తండకు పోదాం."

"జర మొకమన్న కడుక్కోనియ్యి."

"గిట్లనే రా."

బస్సులో జగపతి కమ్మీ పట్టుకుని ఒదిగి నిలబడ్డాడు. సోని కిటికీ వైపు జరిగి, పక్క సీటు మీద తట్టింది. "కూసో."

సిమెంటు అంటుతుందని భయపడుతూ అంచున కూర్చున్నాడు. ముందు సీట్లోంచి తండా ముసలమ్మ తుల్సీబాయి వెనక్కి తిరిగింది.

"ఓరి! దుబాయ్ నుంచి ఎప్పుడొచ్చినవ్ రా?"

బస్సంతా అటు చూసింది. జగపతికి ఏసీ మాటల్లాంటివి నాలుక మీదికి చాలానే వచ్చాయి, మింగేశాడు.

"పోనే లేదవ్వా. టెస్టుల ఫెయిలయిన. జనగామల్నే పని చేస్తున్న."

తుల్సీబాయి నోరు తెరిచి అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత సోనిని చూసింది.

"మరి నువ్వేందే, వీని పక్కన కూసున్నవ్?"

"చేసుకునేటోని పక్కన గాక ఇంకెవ్వరి పక్కన కూసోవాలె అవ్వా?" అంది సోని.