తూము కింద రాళ్లు

"హిర్విపురో వాగు గొంతు నులిమింది మీరే." వాగులు బాగుచేసే సైమి వేలు ఒక్కొక్కరి మీదా ఆగుతూ వెళ్లింది. "మీ దుంగల లారీల కోసం రోడ్డు కింద తూము వేశారు. దాని మూతి నుంచి నీళ్లు మోకాలెత్తు కిందికి దూకుతున్నాయి. ట్రౌట్ చేపలకేమన్నా రెక్కలున్నాయా? నాలుగేళ్లుగా తూముకు ఎగువన ఒక్క పిల్లచేప లేదు."

ఆ అడవి రోడ్డు బాగోగులు చూసే సంఘం వాళ్లందరూ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. ఆ తూము పెట్టింది పొక్లెయిన్ నడిపే యల్మరి. అతను యాలకుల బన్ను నమలడం ఆపేశాడు.

"అది చాలదన్నట్టు ఈ వేసవిలో ఎవరో దాని కింద మెట్లలాగా రాళ్లు పేర్చారు. చేప ఎగరాలంటే కింద లోతు ఉండాలి. ఆ మడుగునే పూడ్చేశారు. ఎవరా మహానుభావుడు?"

తప్పు ఒప్పుకోడానికి సంఘాలకు ఏళ్లు పడుతుంది. యల్మరికి ఒక్క గుటక పట్టింది.

"నేనే."

"ఎందుకు?"

"పోయినేడు సెప్టెంబర్లో మీరు వానలో అక్కడ కూర్చున్నారు. చేప ఎగిరి తూముకు కొట్టుకుని పడ్డప్పుడల్లా మీ భుజాలు అదిరేవి. రోడ్డు మీంచి చూశాను. మెట్లుంటే ఎక్కుతాయేమో అని..."

"చేపలకు కాళ్లున్నాయనుకున్నారా?"

"రెక్కలు లేవని మీరే అన్నారుగా."

అధ్యక్షురాలు హిల్కా ముసలమ్మ కిసుక్కున నవ్వింది. "నాలుగు శనివారాలు నడుంలోతు నీళ్లలో మోశాడమ్మా వీడు. ఆవిరిస్నానాల సౌనా పొయ్యికి రాళ్లు ఏరుకుంటున్నాడనుకున్నా."

సైమి చెవులు ఎర్రబడటం యల్మరి చూశాడు.

"ఆ రాళ్లు తీసేస్తే చాలా?" అడిగాడు.

"చాలదు. తూమే పోవాలి. వాగంత వెడల్పు వంతెన కావాలి. కింద వాగు అడుగు దాని గులకరాళ్లతో అలాగే ఉండాలి."

"పెట్టింది నేనే. తీసేది కూడా నేనే," అంటూ యల్మరి వంతెనకు ఒప్పుకుంటూ చెయ్యెత్తాడు. హిల్కా ఎత్తింది. తర్వాత ఒక్కొక్కటే, బద్ధకంగా, తక్కిన చేతులన్నీ లేచాయి.

బయట సన్నగా వాన. యల్మరి ఆమె సైకిల్ పక్కన నిలబడ్డాడు.

"ఒక మాట అడగాలి."

"చేప ఆ రోడ్డు దాటి ఎగువకు ఈదిన రోజు అడుగు," అంది సైమి. ఆ గొంతులో ఇప్పుడు కోపం లేదు. "గుడ్లు పెట్టడానికి అవి బయల్దేరేలోపు రెండు వారాలే ఉన్నాయి. ఇక్కడ నిలబడి తడవకు. వెళ్లి మిషన్ తీసుకురా. ముందు ఆ తూము పీకు."