ఆరో ప్రశ్నకు జవాబు

పెద్దత్త తరఫున కోర్టుకు పంపిన జవాబులన్నీ తనవేనని మేనకోడలు ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు విప్పి అనలేదు.

పక్షవాతంతో పెద్దత్తకు మాట పడిపోయాక కోర్టు ఈమెనే గార్డియన్‌గా వేసింది. ఆర్నెల్లకోసారి రిపోర్టు పంపాలి. అందులో ఆరో ప్రశ్న, "ఆమె ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" పక్కన కూర్చుని అడగాలి, ఎడమచేతి సైగ చూసి రాయాలి. మొదటిసారి అడిగినప్పుడు ఆ చెయ్యి గోడమీది ఫోటో వైపు లేచింది, వేరే ఊళ్ళో ఉంటున్న చెల్లెలు, చిన్నత్త ఫోటో. ఈమె చూడనట్టే తల దించుకుని "మేనకోడలి దగ్గరే" అని రాసేసింది. పెద్దత్త కూడా వెళ్ళిపోతే ఆ ఇంట్లో పలకరించడానికి గోడలు తప్ప ఎవరున్నారని?

చిన్నత్త ఫోన్ చేసి దెప్పేది. "నాలుగు రోజులు నా దగ్గరికి పంపవే. బీరువాలో దాచుకోవడానికి మా అక్కేమన్నా నగా?"

"కోర్టు ఒప్పుకోదు చిన్నత్తా" అని అబద్ధమాడేది.

ఆ తర్వాత అడగడానికి గదిలోకి వెళ్ళడమే మానేసింది. ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని ప్రశ్న తనే చదివి, పెద్దత్త గొంతుతో జవాబూ తనే చెప్పుకునేది. ఊసుపోక మొదలైన ఆట. ఎంత బాగా కుదిరిందంటే, ఒక్కోసారి తనకే నవ్వొచ్చేది.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. తడిసిన సున్నం వాసన. చూరు నుంచి బొట్టు... బొట్టు. ఏడో రిపోర్టు ముందేసుకుంది.

"ఎలా ఉన్నావు పెద్దత్తా?"

"నాకేం, దుక్కలా ఉన్నానే పిల్లా."

కలం ఆగిపోయింది. తను ఇంకా నోరు తెరవలేదు.

లోపలి గదిలోంచి వచ్చిందది. పెద్దత్త గొంతు కాదు. తను అనుకరించే గొంతు... ఆ సాగదీత తను కల్పించిందే.

లేచి గుమ్మం దాకా వెళ్ళింది. మంచం మీద పెద్దత్త పెదాలు బిగించుకుని ఉంది. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. చూపు పక్కనున్న ఖాళీ కుర్చీ మీద. ఎడమచెయ్యి దుప్పట్లోంచి లేచింది... ఫోటో వైపు.

"నేనెక్కడికీ వెళ్ళను..." కుర్చీలోంచి గుసగుస. "నా మేనకోడలి దగ్గరే."

ఎవరో పట్టి నొక్కినట్టు ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

ఇక చాలు. ఇల్లు బోసిపోతే పోనీ. చిన్నత్తకు ఫోన్ చేయాలి. ఇప్పుడే. వచ్చి తీసుకుపొమ్మనాలి.

పరుగున వెళ్ళి బల్ల మీది ఫోన్ అందుకుంది. చెప్పాల్సిన మాట ముందు ఒకసారి కూడగట్టుకుందామని నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. మళ్ళీ తెరిచింది...

లోపల కుర్చీ కిర్రుమంది. ఈసారి అచ్చం మేనకోడలి సొంత గొంతే, నింపాదిగా:

"చిన్నత్తా, మేం ముగ్గురం ఇక్కడ బాగానే ఉన్నాం."