తొమ్మిదో భాగంలో చచ్చిపోయిన ప్రమీల

చచ్చిపోయిన మనిషి ధర్మవరం మార్కెట్లో టమోటాలు బేరమాడుతుంటే చూసి ముగ్గురు మూర్ఛపోయారు. నాలుగోవాడు మూర్ఛపోలేదు గానీ, అడిగిన ధరకే టమోటాలిచ్చి పరుగెత్తాడు. ఈ కబురు బస్సు కన్నా ముందే హిందూపురం చేరింది. తర్వాత బస్సులో ఆ మనిషి కూతురు శైలజ చేరింది, డిటెక్టివ్ తిరుపాల్ ఆఫీసుకు.

ఆఫీసంటే టైర్ల కొట్టు మీద ఒక గది. తిరుపాల్ సన్నటి మనిషి, చెవులు మాత్రం పెద్దవి. ఆయన అసిస్టెంటు చంద్ర ఒకప్పుడు బస్సు కండక్టరు. ఫోన్లో ఎవరైనా దగ్గితే చాలు, ఏ ఊరి నీళ్లు తాగినవాడో మా అన్న చెప్పేస్తాడని ఊరంతా ప్రచారం చేస్తుంటాడు. అందులో సగం నిజం.

"సార్, మా అమ్మను ఈరక్క చంపేసింది," అంది శైలజ.

చంద్ర చేతిలో టీ ఒలికింది.

"శవం యాడుండాది?" అడిగాడు తిరుపాల్.

"ఇంట్లోనే. గోడవైపు తిరిగి పడుకోనుండాది. తినదు, పలకదు."

ఈరక్క పేరు తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. గొర్రెలు కాస్తూ పాటలు పాడిన పిల్ల. మద్రాసు పోయి సినిమాల్లో పాడి పెద్దదైంది. ఈమధ్యే పెనుకొండలో ఇల్లు కట్టుకుంది. చదువు రాదు. అందుకే తన జీవితకథను రాయకుండా సొంత గొంతుతో చెప్పింది. ఇప్పుడు మగ్గాల దగ్గర, గోరంట్ల బస్సుల్లో, ఎవరి ఫోన్లో చూసినా ఆ గొంతే. దాని తొమ్మిదో భాగంలో, చిన్నప్పుడు తనతో జంటగా పాడిన ప్రమీల బుక్కపట్నం చెరువులో పడి చనిపోయిందని చెప్పింది. ఆ ప్రమీలే శైలజ తల్లి.

"ఇద్దరూ కలిసి మద్రాసు పోవాలనుకున్న్యారు సార్. 'నేనూ వస్తా' అని అమ్మ కబురు పంపితే, 'నువ్వొద్దు, వేరే పిల్ల దొరికింది' అని ఈరక్క తిరుగు కబురు చేసిందంట. అమ్మ అది మనసులోనే పెట్టుకోని బతికింది. ఇప్పుడు చచ్చిపోయిందని కూడా చెప్పె. మార్కెట్టు నుంచి వచ్చినాక, ఏందబ్బా ఈ గోల అని అమ్మే ఫోను పెట్టించుకోని విన్నింది. ఆ తొమ్మిదో భాగం అయిపోయినంక పడుకునింది, మళ్లీ లేవలేదు. నాయన ముద్ద కలిపిస్తే మొహం తిప్పుకుంటాది. నేను పెడితే రెండు మెతుకులు తింటాది. నిజంగానే పోతాదేమో సార్."

"ఆ కబుర్లు మోసిందెవరు?"

"నేనెప్పుడూ అడగలేదు."

శైలజ వెళ్లాక చంద్ర తేల్చేశాడు. "అన్నా, ఈ పని ఆ సుధదే. కథ రికార్డు చేసింది ఆ పాపే కదా. వినేవాళ్లు ఏడ్చాలని ఒక చావు ఇరికించింటాది."

తిరుపాల్ కళ్లు మూసుకుని కథ మొదటి నుంచి విన్నాడు. తొమ్మిదో భాగాన్ని మళ్లీ మళ్లీ విన్నాడు. ఈరక్క గొంతు గదంతా నిండింది.

"ఒగాయప్ప వచ్చి వాకిట్లో నిలబడె. 'ప్రమీల చెరువులో పడె, రాత్రే పూడ్చేస్తిమి, నువ్వు రావద్దు' అనె. దాహమంటే నేనే చెంబుతో నీళ్లు పోస్తిని. ఆయప్ప చేతులు మోచేతుల దాకా ఎర్రగుండె. దోసిట్లో నీళ్లన్నీ కారిపోయె గానీ ఎరుపు పోలేదు. పూడ్చిన మట్టి కూడా ఇంగా వదల్లేదే, నా ప్రమీల మీద పోసిన మట్టే కదా అని ఆ చేతులు పట్టుకోని ఏడిస్తిని."

"ధర్మవరం పోదాం పా," అన్నాడు తిరుపాల్.

శైలజ తండ్రి దేవప్ప పెరట్లో పట్టు నూలుకు రంగు వేస్తున్నాడు. పెద్ద గిన్నెలో రంగు నీళ్లు ఉడుకుతున్నాయి. ఆయన చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చగా ఉన్నాయి.

"ఏమప్పా, ఈరక్క కథ విన్యావా?"

"నాకు తీరిక యాడిది? మంట ఎక్కువైతే పట్టు పాడైపోతాది."

"ప్రమీలమ్మ నీకేమవుతాది, పెండ్లికి ముందు?"

"మేనత్త కూతురు. చిన్నప్పుడే అనుకున్న సంబంధం."

"ఆ కాలంలో హిందూపురం పోతాంటివా?"

"నూలు తెచ్చేకి పోతాంటి. ఎందుకు?"

"ఈరక్క మద్రాసు పోకముందు ఆడనే ఉండె కదా. చూసినావా?"

"టీవీలో చూసినా. ఎదురుగా యాడ చూస్తా?"

చంద్ర చెయ్యి కలపబోతే దేవప్ప తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అంటుకుంటాదప్పా. వారం దినాలైనా పోదు."

తిరుపాల్ ఆయన వైపు చూసి వీధిలోకి నడిచాడు.

మరుసటి రోజు పొద్దున పెనుకొండలో, ఈరక్క ఇంటి నడవలో అందరూ కూర్చున్నారు. ఈరక్క, సుధ ఒకవైపు. దేవప్ప, శైలజ ఇంకోవైపు. ప్రమీల కారులోనే ఉండిపోయింది. తిరుపాల్ వెళ్లి ఆమె చెవిలో ఏదో చెప్పాక దిగి వచ్చింది.

ఆమెను చూడగానే ఈరక్క ఎదురు రాబోయి నడవ గడప మీదే కూలబడింది.

"నేనేం రాసివ్వలేదు సార్," అంది సుధ.

"తెలుసు తల్లీ," అన్నాడు తిరుపాల్. "మిగతా భాగాల్లో నువ్వు మాట అందిస్తాంటే ఈమె తిరిగి పలుకుతాంది. పొట్టి మాటలు, టీవీ భాష. తొమ్మిదో దాంట్లో ఎవరూ అందియ్యలేదు. కడుపులో నుంచి వచ్చింది. అంటే ఈరక్క అబద్ధం చెప్పలేదు. ప్రమీల పోయిందని నిజంగా నమ్మింది. మరి నమ్మించిందెవరు?"

తిరుపాల్ రెండు వేళ్లతో ఈరక్కనూ ప్రమీలనూ చూపించాడు.

"ఇద్దరికీ చదువు రాదు. జాబులు రాసుకోలేదు. కబురంటే నోటి కబురే. ఇటునుంచి 'వస్తా' అని బయల్దేరిన మాట, ఆడికి పోయేసరికి 'చచ్చింది' అని మారె. అటునుంచి ఏడుపు బయల్దేరితే, ఈడికొచ్చేసరికి 'నువ్వొద్దు' అయ్యె. ఇద్దరి మధ్యన ఒగే నోరు తిరిగింది. ఆ నోరున్నాయప్ప చేతులు ఎర్రగుండె. ఈరక్క మట్టి అనుకునింది. మట్టైతే చెంబుడు నీళ్లకు పోతాది కదక్కా?"

ఈరక్క తలెత్తింది.

"అది రంగు. ఆ దినం ఎర్ర రంగు వేసి, నూలు కోసం హిందూపురం వచ్చిన మనిషిది. ప్రమీల మద్రాసు పోతే పెండ్లి ఆగిపోయే మనిషిది."

శైలజ మెల్లగా తండ్రి వైపు తిరిగింది.

"నాయనా, కాదని చెప్పు."

"పోయింటే మళ్లీ వచ్చేదా ఈమె?" అన్నాడు దేవప్ప. "ఈరక్క ఇన్నేండ్లు వచ్చెనా? ఏం తక్కువ చేసినా నేను? కొట్టినానా, తిట్టినానా?"

"ఈ గొంతే," అంది ఈరక్క. ఎవరితోనూ కాదు. "వాకిట్లో నిలబడిన గొంతు ఇదే."

"ఇంగొకటి కూడా ఉండాది," అన్నాడు తిరుపాల్. ఆ మాట చెప్పడం ఆయనకు ఇష్టం లేదు. "ప్రమీలమ్మ ఈయప్ప ముద్ద వద్దన్నది ఈరక్క మీద కోపముండి కాదు. తన కబుర్లు మోసిందెవరో ఆమెకు తెలుసు. తొమ్మిదో భాగం ఆఖరి దాకా విని, ఆ చేతులెవరివో ఆ క్షణమే కనుక్కునింది."

చంద్ర నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. కండక్టరుగా ఉన్నప్పుడు బస్సు లోయలోకి ఒరిగినా ఆయన అంత బిత్తరపోలేదు.

ప్రమీల గడప దగ్గరికి పోయి ఈరక్క పక్కన కూర్చుంది. ఇన్నాళ్లకు నోరు విప్పింది.

"నాకోసం ఎన్ని దినాలు ఏడిస్తివే?"

"ఇంగా ఆపలేదు," అంది ఈరక్క.

ప్రమీల ఆమె కొంగుతోనే ఆమె ముఖం తుడిచింది. సుధ ఆ భాగం తీసేసి వేరేది పెడతానంది.

"తీయొద్దు పాపా," అంది ప్రమీల. "ఉండనీ. మద్రాసు పోవాల్సిన పిల్ల ఆ దినమే చచ్చిపోయింది. ఈరక్క సరిగ్గానే చెప్పింది."

దేవప్ప లేచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"పొద్దు పోతాంది. ఇంటికి పోదాం పా, ప్రమీలా."

ఆమె ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"చచ్చినదాన్ని ఇంటికి యాడ పిలుస్తావప్పా?"

దేవప్ప కూతురి వైపు చూశాడు. శైలజ లేచి వెళ్లి వీధి తలుపు తెరిచి పట్టుకుంది. ఆయన బయటికి పోయాక, లోపలే ఉండి తలుపు మూసింది.