చిలకవన్నెకు చలి వేసింది

మూడో పువ్వు కూడా నకిలీయే అంది వర్ణనేత్రం.

సమయం ఆరూ పది. డేలిల్లీకి ఆయుష్షు ఒక్క పగలు. పొద్దున విచ్చి సాయంత్రానికి వాడుతుంది. ఆ ఒక్క పగలూ దాని తప్పులెన్నడానికే పుష్పశాఖ ఈ కంటిని కనిపెట్టింది. అది వర్ణాన్ని చూస్తుంది తప్ప వర్ణించదు. రేకులో ఎరుపు మురికి, అంచు వంకర, గొంతులో పసుపు చాలదు. నకిలీ. కింద ఒక గడి: తనిఖీదారు వేలిముద్ర వేయవలెను. ఉమాపతి ఉద్యోగమంతా ఆ వేలిలోనే ఉంది. తొమ్మిదేళ్లుగా పరుల తోటల్లో వేలు పెట్టడమే అతని పని.

"అడుగు బాబూ," అంది వంతల చిలకమ్మ, బొరిగె నేలకేసి కొట్టి. "నా బిడ్డ నా బిడ్డ కాదంటంది నీ కన్ను. మరెవుడి బిడ్డో అదీ సెప్పమను!"

ఎర్రదాని పుప్పొడి పసుపుదానికి అద్ది, పదకొండేళ్లు పెంచి పారేసి, పారేసి పెంచి, ఈ పువ్వును పుట్టించింది ఆవిడే. శాఖవారు మెచ్చుకుని, ఆవిడ తోటలోంచే ఒక దుబ్బు పట్టుకెళ్లి, 'చిలకవన్నె' అని పేరెట్టి, అద్దాలగదిలో మూలపుష్పంగా కూర్చోబెట్టి, దాని రంగూ అంచూ నేత్రానికి కొలతగా ఎక్కించారు. ఆ గదిలో రాత్రీ పగలూ ఒకటే వెచ్చదనం. బయట సంగతి వేరు. కింద పట్నాలు ఉడికిపోతున్నాయని, వాటికి చల్లగాలి తోలడానికి రెండేళ్ల కిందట ఈ చలిమెట్ట చుట్టూ శీతవలయం బిగించారు. శీతవలయం వేసిన చేత్తోనే మెట్ట మీద సీతకన్నూ వేశారు. రాత్రయితే ఏడు డిగ్రీలు.

"ఒక్క దుబ్బునే మూడు ముక్కలు సేసి నాటినాను బాబూ. నీడవల కిందది సూడు, నేరేడుపండులాగుంది. ఎండన పడ్డది ఎలిసిపోనాది. ఈ గుంటలోది సలికి మొకం ముడుసుకుంది. ముగ్గురూ ఒక్క తల్లి పిల్లలు కారా? నిన్ను రాత్రంతా సొక్కా లేకండా ఈడ నిలబెడితే, పొద్దున నీ పెళ్లాం నిన్ను పోలుస్తాదా?"

"పోల్చదు," అన్నాడు ఉమాపతి. చొక్కా ఉన్నా అనుమానమే అన్న సంగతి మాత్రం మింగేశాడు.

వరసగా మూడు నకిలీలు తేలితే తోట మొత్తం పీకి తగలబెట్టాలి. ఆరువందల దుబ్బులు. అలవాటు కొద్దీ అతను మూడో ముద్ర వేయడం, పెకలింపు యంత్రం రేపు ఏడింటికని నేత్రం తెర మీద పడడం అప్పుడే అయిపోయాయి. అతను ప్రాంతీయాధికారి విఠలరావుకి ఫోన్ కలిపాడు.

"సార్, పువ్వు అదే. రాత్రి చలి మారింది, అంతే. అదీ మనం మార్చిందే."

"ఫారంలో వాతావరణం అనే గడి ఉందా?"

"లేదు సార్."

"లేని గడి ఎందుకయ్యా నింపుతావ్? పట్నంలో ప్రతి గుమ్మం ముందూ ఒకటే ఎరుపు ఉండాలి. ఆవిడ పువ్వు మన పువ్వులా లేదు."

"మన పువ్వే ఆవిడది సార్!"

"అయితే ఎలా ఉండాలో ఆవిడకి మరీ బాగా తెలిసుండాలి." ఫోన్ పెట్టేశాడు.

ఉమాపతికి అరికాలి మంట నెత్తికెక్కింది. అందులో విఠలరావు వాటా ఒక పాలైతే, తన బొటనవేలి వాటా మూడు పాళ్లు. పోయినేడు పక్క మెట్టలో ఒక ముసలాయన పసుపు డేలిల్లీలను, నీడన రంగు ముదిరాయన్న నేరానికి, ఈ వేలే తగలబెట్టించింది. ఆయన ఎందుకని అడిగితే "రూలు" అన్నాడు తను. ఇప్పుడా మాట నోట్లో పచ్చి వేపకాయలా ఉంది.

మధ్యాహ్నం అద్దాలగదికి వెళ్లాడు. మూలపుష్పం కుండీని, మర్నాడు విచ్చాల్సిన మొగ్గతో సహా, చంకనెత్తుకుని మెట్టెక్కి, చిలకమ్మ తోట గుంటలో దించాడు.

"ఎవులిది?" అంది చిలకమ్మ.

"నీ కూతురే. ఒక్క రాత్రి పుట్టింట్లో పడుకోనీ."

"దుప్పటి తెచ్చినావా?"

"లేదు."

చిలకమ్మ అతని మొహంలోకి చూసింది. వంగి, కుండీ పక్కనున్న గడ్డి కూడా తీసేసింది, గాలి బాగా తగలాలని.

మర్నాడు ఏడింటికి యంత్రం వచ్చి మొదటి వరస ముందు నిలబడింది. గుంటలో మూలపుష్పం సగం నోరే తెరిచింది. అంచులు మెలితిరిగి, ఎరుపు మీద ఇటుకరంగు మచ్చలు. ఉమాపతి నేత్రాన్ని దాని మీదికి జరిపాడు. అది కుండీ మీది బిళ్ల చదివింది. చాలాసేపు ఆలోచించింది.

చిలకవన్నె, మూలపుష్పం. ఫలితం: నకిలీ. ధ్రువీకరిస్తే ఈ మూలం రద్దు. దీనితో పోల్చి ఇచ్చిన తీర్పులన్నీ రద్దు. తనిఖీదారు అర్హత రద్దు. వేలిముద్ర?

జేబులో ఫోన్ మోగింది. విఠలరావు. మోగుతూనే ఉంది. ఉమాపతి వేలు అద్దాడు. చలికి మొద్దుబారిన వేలు, ముద్ర పడలేదు. నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊది, మళ్లీ అద్దాడు. ఈసారి పడింది.

యంత్రం మొదటి దుబ్బు మీదికి దించిన కొక్కేలు గాల్లోనే ఆగాయి. "పోల్చడానికి మూలం లేదు. తోట ఆజ్ఞ రద్దు," అంది. "నకిలీ మూలం నమోదైన చోటు: అద్దాలగది. పెకలింపు అక్కడికి మార్పు." కీచుమంటూ వెనక్కి తిరిగింది.

చిలకమ్మ కుండీని చంకలోకి లాక్కుని, కొంగు కప్పి, పక్కకి తప్పుకుని యంత్రానికి దారిచ్చింది.

"ఎల్లమ్మా, ఎల్లు," అంది. "ఆ గది తలుపు ఇరుకు. గోడలు పగలగొట్టుకునే ఎల్లాల మరి."