మొండిగోడల్లో గంజి అడిగే గొంతు

మా ఊళ్ళో పొద్దుగూకాక ఊరి చివర పోలేరవ్వ మొండిగోడల పక్కన ఎవరూ నడవరు. ఉదయగిరి నుంచి వచ్చేవాళ్ళకు అదే దగ్గర దోవ. అయినా చుట్టు తిరిగి పల్లేరుకాయల బీడులోంచి వస్తారు. ముల్లు గుచ్చుకుంటే తీసుకోవచ్చు, దెయ్యం పట్టుకుంటే ఎవరు తీస్తారని వాళ్ళ వాదన.

ఆ ఇంటికి కప్పు లేదు. ధాత సంవత్సరం కరువులో కప్పు మీది బోదగడ్డి పీకి గొడ్లకు వేశారు. గొడ్లు ఎటూ బతకలేదు. పోలేరవ్వా బతకలేదు. మనవరాలు శీనమ్మ కూలి కోసం సముద్రం పక్కన కాలువ తవ్వకానికి పోయి, గింజల మూటతో తిరిగి వచ్చేసరికి, అవ్వ పక్కింటి పెంచలనరసయ్య దొడ్డిగోడకు ఆనుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే పోయి ఉంది.

దెయ్యాన్ని మొదట చూసింది ఆ నరసయ్యే. తర్వాత చాలామంది చూశారు — ఆయన చెప్పింది విన్నాక.

"గంజి అడగతాది," అనేవాడు గొంతు తగ్గించి. "'నాయనా, కాస్త గంజి పొయ్యండి' అంటాది. పలికినారంటే జరమే. ఒక్కోసారి నా గొంతుతో మాట్లాడతాది, నా పేరే చెప్తాది. నమ్మి దగ్గరికి పోబాకండి."

ఒక దెయ్యం గురించి ఇంత వివరంగా తెలిసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నరసయ్య మామూలు మనిషి కాదు, ముందుచూపున్న మనిషి. నిప్పు భయానికి బోద తీసేసి పెంకులు కప్పించాడు. చూరు కింద వరసగా నీళ్ళ కుండలు పెట్టించాడు. దొంగల భయానికి తలుపు వెనక ఇనప గడి, దాని వెనక అడ్డమాను, దాని వెనక తన మంచం. చినుకు పడని ఊళ్ళో వరద వస్తుందని అరుగు నడుమెత్తు లేపాడు. ఆ అరుగు ఎక్కలేక వాళ్ళత్త రావడం మానుకుంది. అదీ ముందుచూపులో భాగమేనని నా అనుమానం. కుక్కనూ పెంచాడు. అది ఒక్క దొంగనూ కరవలేదు గానీ చుట్టాలను ఎవరినీ వదల్లేదు.

"ఇల్లన్నాక దేనికైనా సిద్ధంగా ఉండాల," అని కనపడినవాడికల్లా చెప్పేవాడు. ఇంట్లో ఓ కుండ, ఓ చాప ఉన్నవాళ్ళం, మేమంతా తలలూపేవాళ్ళం.

రెండేళ్ళకు, బహుధాన్య సంవత్సరంలో వానలు పడ్డాయి. నరసయ్య భార్య రాఘవమ్మ ఆత్మకూరులో పుట్టింటికి పోయింది. కొన్నాళ్ళకు ఆయన కూడా కుక్కను గొర్రెలకాపరికి అప్పగించి, వీధి తలుపుకు తాళం వేసి, "రాఘవమ్మను పిలుచుకోని వస్తా" అని ఊరంతా వినపడేట్టు చెప్పి బయల్దేరాడు.

మర్నాడు చీకటిపడ్డాక ఇది జరిగింది. నేను చూడలేదు. చూసినవాళ్ళు చెప్పగా విన్నాను.

మాల్యాద్రి, పిచ్చయ్య కొండాపురంలో మేకలు అమ్ముకుని వస్తున్నారు. పిచ్చయ్య కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్నవాడు. దెయ్యాలు లేవని వారం వారం మాకు చెప్పేవాడు. మాల్యాద్రి లెక్కలో దెయ్యాలున్నాయి, కానీ అవి ఆయనకు భయపడతాయి. ఇంత ధైర్యం ఒకచోట చేరింది కాబట్టి ఇద్దరూ దగ్గర దోవే పట్టారు.

మబ్బు కమ్మి ఉంది. గాలి లేదు. మొండిగోడ దాటుతుండగా —

"నాయనా…"

ఇద్దరూ ఆగారు.

"నాయనా… కాస్త గంజి…"

గొంతు గోడ పక్కనే ఉంది. గోడ పక్కన ఎవరూ లేరు.

"పిచ్చయ్యా," అన్నాడు మాల్యాద్రి, పెదవులు కదపకుండా. "ప్రార్థన చెయ్యరా."

"నువ్వు కత్తి తియ్యి ముందు."

"ఇంటికాడ ఉండాది."

అప్పుడు కాళ్ళ కింద, భూమిలోంచి…

"ఎవుర్రా అది… మాల్యాద్రా? నేనురా… నరసయ్యను…"

నరసయ్య గొంతు. నరసయ్య పేరు. ఆయన చెప్పింది చెప్పినట్టే.

దెయ్యాలు లేవన్నవాడు, దెయ్యాలకు భయపడనివాడికంటే ముందు ఊరు చేరాడని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తలుపులు మూసుకున్నాయి. సంగతి మాత్రం మూసిన తలుపుల సందుల్లోంచే ఊరంతా తిరిగింది. మొండిగోడలు వదిలి మాల్యాద్రి ఎదురింట గుడిసె వేసుకున్న శీనమ్మకూ చేరింది. ఆమె లేచి మాల్యాద్రి గడప దగ్గరికి పోయింది.

"గంజే అడిగిందా, చిన్నాయనా?"

"గంజే. నా చెవులతో విన్నా," అన్నాడు మాల్యాద్రి లోపల్నుంచి.

శీనమ్మ ఇంటికిపోయి పొయ్యి రాజేసింది. ఆ మంట వెలుగు చూసి మాల్యాద్రి తన తలుపు కాస్త తెరిచాడు.

"ఏందమ్మే, ఈ వేళప్పుడు?"

"గంజి కాస్తుండా."

"పోతే చస్తావు."

"నేను కాలువకు పోయేనాడు అవ్వ అడిగింది, కాస్త గంజి కాచిపెట్టి పోవే అని. గింజల్లేక ఊరికే పోయినా." పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "ఇప్పుడుండాయి."

ఇంట్లో ఉప్పు లేదు. ఉన్నట్టుగానే కుండా, ముంతా, దీపం పట్టుకుని బయల్దేరింది. ఆడకూతుర్ని ఒంటరిగా పంపడం మర్యాద కాదని ఊరంతా వెనక నడిచింది. చాలా వెనక.

మొండిగోడ దగ్గర శీనమ్మ నిలబడింది.

"అవ్వా… శీనమ్మను. గంజి తెచ్చినా."

చప్పుడు లేదు. తర్వాత గోడ పక్కనున్న ముళ్ళకంప కింద నుంచి, సన్నగా…

"ఇటు… ఇటు…"

కంప లాగింది. కింద నల్లటి బొక్క. ముంత నిండా గంజి పోసి, పైట చెంగుకు కట్టి దించింది. ముంత బరువు తగ్గింది. గుటకలు వినపడ్డాయి. ఆగాయి.

"ఉప్పేయలేదేందే?"

అవ్వ బతికినన్నాళ్ళూ గంజికి వంక పెట్టిన మనిషి కాదు.

దీపం వంచి చూసింది. లోపల జొన్నల కుప్ప. కుప్ప మీద, విరిగిన నిచ్చెన పక్కన, మీసాలకు గంజి అంటించుకుని పెంచలనరసయ్య.

అది మొండిగోడకూ నరసయ్య దొడ్డిగోడకూ నడుమ తవ్విన పాతర. కరువుకు ముందే నింపి, మట్టి కప్పి, కంప వేసిన జొన్నల పాతర. ఊరు అడవి దుంపలు తవ్వుకుతిన్న రోజుల్లో "మా ఇంట్లోనూ గింజ లేదు" అని ఆయన కళ్ళు తుడుచుకున్నది దాని పక్కనే నిలబడి. దెయ్యాన్ని కాపలా పెట్టిందీ దానికే. వానలకు చెమ్మ దిగిందేమో చూసుకోవాలని, ఊరికి పోయినట్టు పోయి, అదే రాత్రి చీకట్లో వెనక్కి వచ్చాడు. మూత తీసి చెడుగాలి పోనిచ్చాడు. దీపం దించి చూశాడు. దోవన పోయేవాళ్ళకు కనపడకుండా కంప అడ్డం లాక్కుని దిగాడు. అన్నీ చూసుకున్నాడు, నిచ్చెనకు చెద పట్టిందేమో అన్నది ఒక్కటి తప్ప.

"తాడెయ్యవే తల్లీ."

"వేస్తా పెదనాయనా. అవ్వ ఈ దొడ్డిగోడకే కదా ఆనుకున్నది?"

లోపల జొన్నలు కదిలిన చప్పుడైంది.

"అప్పుడు ఇందులో ఇవి ఉండాయా?"

"ఉండాయి," అన్నాడు నరసయ్య.

శీనమ్మ వెనక్కి తిరిగి, బావి తాడూ గంపా తెమ్మని కేకేసింది. తాడుకు గంప కట్టి దించింది.

"ముందు జొన్నలు. తర్వాత నువ్వు."

నరసయ్య ఎత్తాడు. గంప పైకి వచ్చినకొద్దీ ఆయన కిందికి దిగుతున్నాడు. గింజలు తీసేకొద్దీ పాతర లోతవుతుందని అంత ముందుచూపున్న మనిషికి అప్పుడే తెలిసి ఉంటుంది. పైన ఊరు వరసకట్టింది. అందరికంటే ముందు పిచ్చయ్య. ఇంటికిపోయి చేటలు తెచ్చుకున్నవాళ్ళు కూడా దగ్గర దోవనే వచ్చారు.

తెల్లవారేవేళకు ఆయన్ని లాగారు. నేల మీద కూలబడి, దొరికిన నీళ్ళన్నీ తాగాడు.

"ఏం మామా," అన్నాడు మాల్యాద్రి, ఇప్పుడు గట్టిగానే. "దెయ్యంలాగా గంజి అడిగి మమ్మల్ని హడలగొట్టినావే."

"గంజా?" నరసయ్య మూతి తుడుచుకున్నాడు. "నా గొంతెండిపోతుంటే గంజి అడగతానా? నీళ్ళు, నీళ్ళు అని మొత్తుకున్నా. నా పేరు చెప్పినా. అంతే."

"మరి గోడకాడ…"

"నేనూ విన్నా." ఆయన గోడ వైపు చూడలేదు. "రాత్రంతా విన్నా. మీలో ఎవరో ఎగతాళికి అంటుండారనుకున్నా."

పిచ్చయ్య తన చేట మెల్లగా కింద పెట్టాడు.

శీనమ్మ కుండ అడుగున మిగిలిన గంజి తీసుకుపోయి, దొడ్డిగోడ మొదట్లో, అవ్వ కూర్చున్నచోట పోసింది.

వానకు నానిన నేల అది. గంజి నిలవాలి, లేదా పారాలి. అయినా పోసింది పోసినట్టే నేల తాగేసింది.