సెల్లమ్మ తీగ

పళ్ళిపట్టు మగ్గాల వీధిలో సాయంత్రం కరెంటు పోవడం కొత్తేం కాదు. ఆదిమూలం లాంతరు వెలిగించి, మద్రాసు నుంచి వచ్చిన జగన్నాథన్‌కు కుర్చీ వేశాడు. ఆయన పాత వాద్యాల చరిత్ర రాస్తున్నాడు. కోడలు రాజామణి అటక మీది వాద్యాన్ని దించి, కొత్త తీగ కట్టడానికి చాప మీద పెట్టింది. పనసతొన లాంటి బుర్ర, పొట్టి మెడ, అంతా ఒకే చెక్కలో తొలిచినది. దాన్నుంచి పులిసిన గంజి వాసన వస్తోంది.

“ఇప్పటి వీణ కంటే పాత రకం ఇది. గుడి శిల్పాల్లో ఎప్పుడూ ఆడవాళ్ళ ఒళ్ళోనే చూశాను” అని ముచ్చటపడ్డాడు జగన్నాథన్. “మీ ఇంట్లో ఏ పెద్దాయన వాయించేవాడు?”

రాతి ఆడది వాయించవచ్చు. ఇంట్లో మాత్రం పెద్దాయనే ఉండాలి! రాజామణికి ఒళ్ళు మండింది.

“మా నాయన చెంగల్రాయుడు, సార్” అన్నాడు ఆదిమూలం.

“అది అవ్వది గదా మామా!”

“తీగ కట్టమంటే కట్టుమే. నోరెందుకు?”

అవ్వంటే ఆదిమూలం తల్లి, ఏనాడో పోయిన సెల్లమ్మ. కాపురానికొచ్చిన కొత్తలో రాజామణే ఆమెకు అన్నం కలిపి పెట్టేది. వంగని ఆ వేళ్ళకు ఏమైందని ఒకసారి అడిగింది. “వీధిలోకి వినపడేటట్టు వాయించినానని మీ తాత మగ్గం కర్రతో కొట్టినాడు” అంది ముసలామె. ఆ రోజే తీగలూ తెంపేశాడట. పెళ్ళాం వేళ్ళు విరిచినవాడు ఇప్పుడు విద్వాంసుడు!

రాజామణి పళ్ళు కొరుక్కుంటూ పట్టుదారానికి పురి పెట్టింది. తీగ బిగించే బిరడాకు పాత తీగ కొస ఒకటి ఇంకా వేలాడుతోంది. తీసి పారేయాల్సింది. కానీ నేతింటి చెయ్యి... పాత కొస కనిపిస్తే కొత్త పోగును దానికే అతుకుతుంది. వేళ్ళకు బూడిద రాసుకుని, అలవాటుగా అతికేసింది.

బిగించగానే తీగ మోగింది.

ఎవరూ మీటలేదు.

లాంతరు వెలుగు కుంచించుకుపోయింది. ముసలి ఒంటి వాసన, తడి పసుపు వాసన...

“ఎవురు వాయించింది?” చాప మీంచి గుసగుస.

“మా... మా నాయన...”

టక్. ఆదిమూలం చూపుడువేలు వెనక్కి వాలిపోయింది.

“ఎవురు?”

“నాయన...”

టక్.

“అవ్వ పేరు చెప్పు మామా!” అరిచింది రాజామణి.

“అమ్మ... మా అమ్మ! సెల్లమ్మ!”

తీగ ఆగింది. జగన్నాథన్ “రాస్తాను తల్లీ, ఆ పేరే రాస్తాను” అంటూ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు.

మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. మిట్టమధ్యాహ్నం గడపలో కూర్చుని రాజామణి తమిళంలో చదివింది. వాద్యం బొమ్మ కింద అచ్చయి ఉంది: ‘నేతకారుడు చెంగల్రాయుడు వాయించినది.’

“వణికినంతసేపే మీకు మా పేర్లు గుర్తుండేది!” అంటూ పుస్తకాన్ని వీధిలోకి విసిరింది.

లోపల తీగ మోగింది.

ఆమె లేచి చూసింది. అటక ఖాళీ. మోత మాత్రం ఆమె పక్కనుంచే గడప దాటింది... ఎండలో, జనం మధ్యన, ముసలి నడకలా తాపీగా బస్టాండు వైపు పోతోంది. రాజామణి వెంటపడింది.

తిరుత్తణి మీదుగా మద్రాసు పోయే బస్సులో కండక్టరు ఒక ఖాళీ సీటు వైపు వంగి, మర్యాదగా అడుగుతున్నాడు.

“మద్రాసులో యాడికమ్మా?”