ఏడవకూడని ఆట

మా అక్క మొగుడు పిల్లలకి ధైర్యం నేర్పే వేసవి శిబిరాలు నడుపుతాడు. అంటే మెడలో ఈల వేలాడేసుకుని, పరాయి పిల్లల్ని ఎండలో పరిగెత్తించి, వాళ్ళ అమ్మానాన్నల చేత చప్పట్లు కొట్టించుకుంటాడు. అందరూ ఆయన్ని కోచ్ అంటారు. ఇంట్లో బల్లి కనిపిస్తే మంచమెక్కి కూర్చునే మనిషి. ఆ సంగతి మా అక్క ఒకసారి నోరుజారి, వెంటనే నాలిక్కరుచుకుంది.

సెలవొస్తే చాలు, రెండు కుటుంబాలూ పిల్లల్ని వేసుకుని సముద్రం ఒడ్డుకి పోవాల్సిందే. ఆ రోజు ఎండ ఫెళ్ళున కాస్తోంది. రంగురంగుల గొడుగులు, గాలి బంతులు, ఐస్‌క్రీమ్ బండి గంట, ఒంటికి రాసుకున్న క్రీముల వాసన. భయపడడానికి అక్కడేమీ లేదు. మా ఆయన అప్పటికే తువ్వాలు పరుచుకుని బోర్లా పడ్డాడు. తోడల్లుడు ఏమన్నా "కరెక్టే అన్నయ్యా" అనడం తప్ప ఆయనకి లోకంలో వేరే పని లేదు.

కోచ్ గారి దగ్గర ఒక ప్రత్యేక విద్య ఉంది. అలలకి దగ్గరగా, తడి ఇసుకలో లోతుగా గుంటలు తవ్వి పిల్లల్ని మెడదాకా పూడుస్తాడు. ఏడవనివాళ్ళని ముందు తీస్తాడు. ఏడ్చినవాళ్ళు చివరిదాకా ఉండాల్సిందే. భయం పోవడానికి అదే మందట! ఏ బుర్రలో పుట్టిందో ఆ మందు. ఆయన కొడుక్కి అలవాటైపోయింది, పూడ్చగానే పళ్ళికిలిస్తాడు. మా పాపకి ఐదేళ్ళు, దానికిదే మొదటిసారి. నేను వద్దన్నాను.

"నీ గారాబం వల్లే అది పిరికిదవుతోందమ్మా," అన్నాడు కోచ్.

"కరెక్టే," అన్నాడు మా ఆయన, తువ్వాల్లోంచి మొహం కూడా ఎత్తకుండా.

అక్క నన్ను కూల్‌డ్రింకుల కొట్టుకి లాక్కుపోయింది. మేం తిరిగొచ్చేసరికి అక్క కొడుకు బయట గంతులేస్తున్నాడు. ఇసుక మీద మా పాప తల ఒక్కటే మిగిలింది.

"ఏడ్చింది," అన్నాడు కోచ్. "కింద ఎవరో కాళ్ళు పట్టుకున్నారట. కథలు! ఏడిస్తే తియ్యనని గట్టిగా చెప్పాను. ఠక్కున ఆపేసింది. చూశావా, శిక్షణంటే అదీ."

చూశాను. పాప ఏడవడం లేదు. ఎండ నేరుగా కళ్ళల్లో పడుతున్నా రెప్ప కూడా వెయ్యడం లేదు. పెదాలు బిగుసుకున్నాయి. బుగ్గ మీద ఈగ నడుస్తోంది. ఒక అల వచ్చి, గడ్డం దాకా నురుగు వదిలి వెనక్కి పోయింది.

"తియ్యండి బావగారూ."

"ఇంకాసేపు ఉండనీ..."

ఒక్క తోపు తోశాను. ధైర్యం నేర్పే మహానుభావుడు వెల్లకిలా పడ్డాడు. రెండు చేతులతో ఇసుక తోడేశాను. భుజాలు బయటపడ్డాయి. చేతులు... నడుము... చంకల కింద పట్టుకుని లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. కిందనుంచి ఎవరో అటు లాగుతున్నారు. నెమ్మదిగా... తొందరేమీ లేనట్టు.

"వదులు!" అని అరిచాను. ఎవరితో అన్నానో నాకే తెలీదు.

వదిలేశారు.

మడిలోంచి ముల్లంగి లాగినట్టు పాప పైకి వచ్చేసింది. నిలబెడితే నిలబడింది. అంత ఎండలోనూ ఒళ్ళు చల్లగా ఉంది. "ఏం లేదు తల్లీ, ఏం లేదు," అంటూ ఇసుక దులిపాను. దెబ్బ తగలకముందే నా మెడకి చుట్టుకుపోయే పిల్ల, చేతులు రెండూ పక్కన వేలాడేసుకుని చూస్తోంది.

అప్పుడు వినిపించింది.

గుంటలోంచి... చాలా కిందనుంచి... వెక్కిళ్ళు.

"అమ్మా... ఏడవను... ఇంక ఏడవనమ్మా... తియ్యి..."

మా పాప గొంతు. మధ్యమధ్యలో ముక్కు ఎగపీల్చడంతో సహా. కన్నదాన్ని, నాకు తెలీదా?

పక్కకి తిరిగి చూశాను. పాప నోరు మూసుకునే ఉంది.

గుంటలోకి దూకాను. తవ్వాను. గోళ్ళు విరిగాయి. అల వచ్చి గుంట నింపేసింది. మళ్ళీ తవ్వాను. తోడిన ఇసుకంతా జారి లోపలికే పోతోంది. ఏడుపు కిందకి దిగిపోతోంది... ఇంకా కిందకి... గొడుగుల కింద జనం లేచి చోద్యం చూస్తున్నారు. ఒకడు ఫోన్‌లో వీడియో కూడా తీస్తున్నాడు. ఒక్కడూ ముందుకి రాలేదు. మా ఆయన మాత్రం వచ్చాడు, నా నడుము పట్టుకుని వెనక్కి లాగడానికి.

"పిల్ల ఇక్కడే ఉందిగా! దేనికోసం తవ్వుతున్నావ్?"

కోచ్ వైపు చూశాను. మొహం సున్నం కొట్టినట్టుంది. ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నాడు.

"మీకూ వినిపించింది కదా?" అన్నాను.

"లేదు... ఏం వినలేదు," అని గొణిగి, కన్నకొడుకుని కూడా వదిలేసి కారు దగ్గరికి పరిగెత్తాడు.

ఈలోగా పెద్ద అల వచ్చింది. అది పోయాక ఇసుక చదునుగా ఉంది. ఎక్కడ తవ్వానో కూడా తెలీలేదు. ఏడుపు ఆగిపోయింది. మా ఆయన నన్ను ఈడ్చుకొచ్చి కారులో పడేశాడు. పాప తనే నడిచొచ్చి నా పక్కన కూర్చుంది.

ఇప్పుడు మా ఇంట్లో పాప ఉంది. పెట్టింది తింటుంది, బడికి పోతుంది, సూది పొడిచినా కిక్కురుమనదు. బుద్ధిమంతురాలని అందరూ తెగ మెచ్చుకుంటారు. కోచ్ గారు మా గుమ్మం తొక్కడం మానేశారు గానీ, శిబిరం కరపత్రం మీద మా పాప ఫోటో వేసుకోవడం మాత్రం మానలేదు. సిగ్గులేని జన్మ. నా బిడ్డ ఎక్కడుందో అడగడానికి నాకు మనిషి లేడు. అడిగితే అందరూ వేలు పెట్టి దీన్నే చూపిస్తారు.

నిన్న సాయంత్రం అది మెట్ల మీద జారిపడింది. మోకాలు చీరుకుపోయింది. పరిగెత్తుకెళ్ళాను. ఏడుస్తుందేమో... ఒక్కసారి, ఒక్కసారి ఏడిస్తే చాలనుకున్నాను. అది మోకాలు చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. నా కళ్ళల్లో అప్పటికే నీళ్ళు తిరిగాయి. దగ్గరికొచ్చి, చల్లటి వేళ్ళతో నా గడ్డం పైకెత్తింది. నా నోటివంకే శ్రద్ధగా చూసింది.

"అలా కాదు," అంది గుసగుసగా. "గట్టిగా ఏడువు. నేను నేర్చుకోవాలి."